జాగ్రత్త: హైదరాబాద్ నుంచి డాలస్‌కు 17 గంటలే అంటే నమ్మకండి

అమెరికాకు అమ్మానాన్నల్ని రప్పించుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. మే నెలలో వాట్సాప్‌లో నాకు పరిచయమైన ఒక ఏజెంట్ దగ్గర మా అమ్మానాన్నలకు టికెట్లు కొన్నాను. పేరు రాయను, గొడవ ఇంకా తేలలేదు. "దూరం 14,400 కిలోమీటర్లు, ప్రయాణం 17 గంటలు" అని పంపాడు. ధర తక్కువగా ఉందని డబ్బు కట్టేశాను. తప్పు నాదీ ఉంది.

ఆ 17 గంటలు ఎక్కడిదో తర్వాత అర్థమైంది. శంషాబాద్ నుంచి డాలస్‌కు గీత గీసి, వచ్చిన దూరాన్ని గంటకు 850 కిలోమీటర్లతో భాగిస్తే అంతే వస్తుంది. అలా నేరుగా వెళ్లే విమానమే లేదు! మావాళ్లది ఢిల్లీ, న్యూయార్క్ మీదుగా. ఢిల్లీకి రెండుంపావు గంటలు, అక్కడ తొమ్మిది గంటల పడిగాపులు, న్యూయార్క్‌కు పదహారు, అక్కడ ఇమిగ్రేషన్, సామాను తీసుకుని మళ్లీ ఇవ్వడం కలిపి అయిదు, డాలస్‌కు ఇంకో నాలుగు. మొత్తం 36 గంటల పైమాటే. పైగా 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ గగనతలం మన దేశపు విమానాలకు మూతపడ్డాక వాటికి చుట్టుదారి తప్పడం లేదు. దూరం లెక్కకట్టే సైట్లకు ఇవేవీ పట్టవు.

టికెట్ మీద టైములు చూసినా మోసపోతాం. సోమవారం సాయంత్రం 4కి బయలుదేరి మంగళవారం సాయంత్రం 5:45కి దిగుతారని ఉంది. చూడ్డానికి 26 గంటలు కూడా లేదు. ఎండాకాలంలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అది కలిపితేనే అసలు సంగతి బయటపడుతుంది.

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ, ఢిల్లీ దాకా టికెట్ వేరే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) కావడం. అంటే దేశంలో తిరిగే ప్రయాణికుల లెక్కే: మనిషికి 15 కిలోలు. మావాళ్ల దగ్గర 23 కిలోల పెట్టెలు చెరో రెండు! కౌంటర్ దగ్గర అదనపు బరువుకు చెప్పిన రేటు విని నాన్న, దిగబెట్టడానికి వచ్చిన బాబాయికే రెండు పెట్టెలు ఇచ్చేశారు. ఢిల్లీలో ఒకటో టెర్మినల్‌లో దిగి, సామాను తీసుకుని, బయటికొచ్చి బస్సెక్కి మూడో టెర్మినల్‌కు. వీల్‌చైర్ కావాలని మొదటి టికెట్‌కు ఏజెంట్ అసలు చెప్పనే లేదు. అమ్మకు షుగర్, మోకాళ్ల నొప్పులు. ఆ మొదటి విమానం ఆలస్యమై రెండోది పోయుంటే ఎవరికీ బాధ్యత లేదు. ఏజెంట్‌కు ఫోన్ చేస్తే "రూల్స్‌లో ఉంది కదండీ" అన్నాడు.

డబ్బు కట్టకముందే అడగండి: మొత్తం ఒకే పీఎన్ఆరేనా? పెట్టెలు ఎక్కడ తీసుకోవాలి? మధ్యలో ఎన్ని గంటలు, ఏ టెర్మినల్? ఫోన్‌లో కాదు, రాతలో తీసుకోండి.

తిరుగు టికెట్ కూడా అదే రూటు. రీఫండ్ లేదంటున్నాడు. దాన్ని వదిలేసి దోహా మీదుగా కొత్తది కొంటున్నాం. ఆవకాయ జాడీలున్న పెట్టె మాత్రం ఇంకా బాబాయి ఇంట్లోనే ఉంది.