చిగుళ్లు జారిపోతే ఏది పనిచేస్తుంది: ఎనిమిదేళ్లు తిరిగినవాడి రివ్యూ

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాసుకునేవాణ్ని. రోజుకు ఎన్ని చాయలు తాగుతానో ఆ లెక్క మాత్రం నా దగ్గర ఉండదు, మిర్చి సీజన్‌లో అయితే ఘాటుకు తట్టుకోలేక చాయ్ మీద చల్లనీళ్లు, చల్లనీళ్ల మీద చాయ్. 2017 చలికాలంలో ఒకరోజు నీళ్లు నోట్లో పోసుకోగానే ఎడమవైపు పై కోరపన్ను నుంచి కన్ను దాకా కరెంటు పట్టినట్టు జివ్వుమంది. అద్దంలో చూసుకుంటే ఆ పన్ను పక్కదానికన్నా పొడుగ్గా కనిపించింది. పెరిగింది పన్ను కాదు, చిగురు పైకి పోయి పసుపుపచ్చ వేరు బయటపడింది.

మొదటి ఏడాది మొత్తం ఇంటి వైద్యమే. మా బాపు పిడక బూడిదలో ఉప్పు కలిపి వేలితో తోముకునేవాడు, యాభై ఐదు దాటకముందే ముందుపండ్లు నాలుగు పోయినయ్, "వయసుకు పండ్లు ఊడక ఏమైతయ్‌రా" అని నవ్వేవాడు. ఆయన కొడుకును కాబట్టి నేను కూడా ఉప్పే పట్టుకున్నా. వేరు మీద ఎనామిల్ అనే గట్టి పొర ఉండదు, పన్ను పైభాగం కన్నా అది మెత్తన, తొందరగా అరుగుతుంది అని తర్వాత తెలిసింది. అంటే పుండు మీద గరుకు రాయి పెట్టి రుద్దుకున్నట్టే. నువ్వుల నూనె పుక్కిలించడం నాలుగు నెలలు చేశా, నోరు తేలిగ్గా అనిపించేది తప్ప చిగురు వెంట్రుకవాసి కూడా దిగిరాలేదు. మెడికల్ షాపులో ఇచ్చే గమ్ పెయింట్ వాడినవాళ్లకు తెలుసు, పచ్చి అరటికాయ కొరికినట్టు చిగురంతా ఒగరుగా బిగుసుకుంటుంది. అందులోని టానిక్ యాసిడ్, జింక్ క్లోరైడ్ పని అది. గంట తర్వాత మళ్లీ మామూలే. పోయిన చిగురు దానంతట అది తిరిగి పెరగదు. ఈ ముక్క మొదటి రోజే ఎవరైనా మొహం మీద చెప్పి ఉంటే బాగుండేది.

సెన్సిటివ్ పేస్టు గురించి మాత్రం నేను చెడుగా చెప్పను. పొటాషియం నైట్రేట్ ఉన్నది తీసుకున్నా. అది లోపలి నరాన్ని నెమ్మదింపజేస్తుంది, కానీ రెండు నుంచి నాలుగు వారాలు రోజూ రెండు పూటలా వాడితేనే. నేను పదిరోజులు వాడి, దండగని పక్కన పడేసి, మళ్లీ పదిరోజులు వాడి... ఇట్లా ఏడాది గడిపా. సరిగ్గా వాడిన తర్వాత చల్లనీళ్ల బాధ సగానికి పైగా తగ్గింది. ఇంకొకటి, తోమడం కాగానే చెంబెడు నీళ్లతో పుక్కిలిస్తే మందంతా కాలువలో పోతుంది, నురగ ఉమ్మేసి వదిలేయాలి. మొదట్లో ఏదో ఇబ్బందిగా ఉంటుంది, అలవాటైపోతుంది. నొప్పి తగ్గింది కదా అని చిగురు బాగైందనుకోవడమే ఇందులో ఉన్న మోసం. నాకు నొప్పి తగ్గిన ఆ ఏడాదిలోనే చిగురు ఇంకాస్త పైకి పోయింది.

తర్వాత ఒక క్లినిక్‌కు వెళ్తే పదిహేను నిమిషాల్లో పైపైన క్లీనింగ్ చేసి, కోరపన్ను వేరు మీద పడ్డ గాడిని అదే రోజు ఫిల్లింగ్‌తో పూడ్చేశారు. గాడి ఎందుకు పడిందో అడగలేదు, ఎట్లా తోముతున్నావో అడగలేదు. ఆ ఫిల్లింగ్ సంక్రాంతికి సకినాలు తింటుంటే ఒకసారి ఊడింది, మళ్లీ పెట్టిస్తే 2020 లాక్‌డౌన్‌లో రెండోసారి ఊడింది, అప్పుడు క్లినిక్‌లు మూసి ఉన్నాయి, టెన్షన్‌తో నెలన్నర ఒకవైపే నమిలా. ఫిల్లింగ్ తప్పని అనను, గాడి లోతుగా ఉంటే అది కావాల్సిందే. కానీ బ్రష్‌తో రంపం కోసినట్టు కోస్తూ పోతే ఏ ఫిల్లింగ్ నిలుస్తుంది? పైగా బయటపడ్డ వేరును చిగురుతో కప్పే ఆపరేషన్ చేయించుకునే ఆలోచన ఉంటే ఫిల్లింగ్‌కు ముందే అడగాలి. నాకు తర్వాత అదే ఫిల్లింగ్‌ను గీకి తీసేయాల్సి వచ్చింది.

అసలు మలుపు హన్మకొండలో చిగుళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాక వచ్చింది. వారానికి ఒకరోజు హైదరాబాద్ నుంచి వస్తారు. పళ్ల డాక్టర్లలో చిగుళ్లకు వేరే పీజీ ఉంటుందని, పీరియోడాంటిస్టు అంటారని అప్పటిదాకా నాకు తెలియదు. నోట్లోకి చూడకముందే, పెన్ను పట్టుకున్న నా చేతిని చూసి, "కుడిచేతి వాటమా? అయితే ఎడమవైపు ఎక్కువ అరిగి ఉంటుంది" అన్నారు. నిజమే, కుడిచేత్తో తోమేవాళ్లు ఎడమవైపు కోరపన్ను, దాని పక్కపండ్ల మీద ఎక్కువ బలం పెడతారట. నేను వాడేది హార్డ్ బ్రష్, అదీ పిడికిలితో పట్టుకుని అడ్డంగా. తర్వాత సన్నటి పుల్లలాంటి పరికరంతో ఒక్కో పన్ను చుట్టూ లోతు కొలిచారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే, 4 గానీ అంతకు మించి గానీ ఉంటే చిగురు కింద సంచి పడినట్టు. నాకు పై ఎడమవైపు సంచుల్లేవు, అది వట్టి బ్రష్ దెబ్బ. కింది ముందుపండ్ల దగ్గర మాత్రం 5, 6 వచ్చింది, అక్కడ గార పేరుకుని లోపలి ఎముక కరిగింది. ఒకే నోట్లో రెండు వేర్వేరు జబ్బులు, రెండింటికీ నేను వాడింది ఒకే పేస్టు!

కింది పండ్లకు డీప్ క్లీనింగ్ చేశారు. మత్తు ఇచ్చి, చిగురు కింద వేరుకు అంటిన గారను గీకి నున్నగా చేయడం. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మనవైపు "క్లీనింగ్ చేయిస్తే పండ్లు ఊగుతయ్, సందులు పడతయ్" అని నమ్మి చేయించుకోనివాళ్లు మా బజారులోనే డజను మంది ఉన్నారు. నాకూ సందులు కనిపించాయి. వారం తర్వాత అద్దంలో చూసుకుంటే చిగురు ఇంకా కిందికి పోయింది, పండ్ల నడుమ నల్లటి మూలలు, నాలుక పెడితే గాలి ఆడుతోంది. కోపంతో ఫోన్ చేశా. ఆమె ఓపిగ్గా చెప్పింది ఏందంటే, నేను ఇన్నాళ్లు చిగురనుకున్నది వాపు. వాపు దిగగానే చిగురు దాని అసలు చోటుకు వచ్చింది, సందుల్లో సిమెంటులా కూర్చున్న గార పోయింది కాబట్టి సందు బయటపడింది. పన్ను ఊగేది ఎముక కరిగి, క్లీనింగ్ వల్ల కాదు. మూడు నెలలకు మళ్లీ కొలిస్తే 5, 6 ఉన్నవి 3, 4కి వచ్చాయి, తోమితే రక్తం రావడం ఆగింది. చూడ్డానికి అందం తగ్గింది, అది ఒప్పుకోవాలి. పండ్లు మాత్రం ఉన్నాయి.

పై కోరపన్నుతో పాటు ఈ కింది పండ్ల వేర్లను కూడా చిగురుతో కప్పేయమని అడిగా. కాగితం మీద బొమ్మ గీశారు. 1985లో మిల్లర్ అనే డాక్టర్ చిగురు జారడాన్ని నాలుగు తరగతులుగా విడగొట్టాడట. పండ్ల మధ్య ఎముక, ఆ సందులో ఉండే ముక్కోణం చిగురు చెడకుండా ఉంటే వేరు పూర్తిగా కప్పే అవకాశం ఉంటుంది, అవి పోతే కొంతే, బాగా పోతే ఆశ పెట్టుకోవద్దు. నా కోరపన్ను మొదటి రకం, కింది పండ్లు మూడోది. కింద డబ్బు ఖర్చు పెట్టొద్దని ఆమే వద్దన్నారు. డబ్బు వచ్చేదాన్ని వద్దన్న డాక్టర్ మాట మీద నాకు అప్పుడే గురి కుదిరింది.

పిన్‌హోల్ గురించి వీడియోలు చూసి అడిగా, కాలిఫోర్నియా డాక్టర్ జాన్ చావో కనిపెట్టిన పద్ధతి, చిన్న రంధ్రంలోంచి చిగురును వదులు చేసి జరుపుతారు, అంగిట్లో కోత ఉండదు, ఒకేసారి చాలా పండ్లకు చేయొచ్చు. నా చిగురు పలచన కాబట్టి జరిపితే సరిపోదు, మందం కూడా కావాలన్నారు. అందుకే అంగిట్లోంచి పొర తీసి అతికించడమే ఖాయం చేశారు. ముందు షుగర్ టెస్టు రాయించారు, షుగర్ అదుపులో లేకపోతే గాయం తొందరగా మానదు, చిగుళ్ల జబ్బు కూడా షుగర్‌ను పెంచుతుంది.

2021 డిసెంబర్‌లో చేయించుకున్నా. అంగిట్లో ఇచ్చే ఇంజెక్షన్ ఒక్కటే కళ్లలో నీళ్లు తెప్పించింది, తర్వాత గంటన్నర ఏమీ తెలియలేదు. అతికించిన చోట నొప్పి అంతంతే, తీసిన చోటే అసలు బాధ, వేడి పిజ్జా అంటుకుని కాలినట్టు అని మా అబ్బాయి అంటే, నేను పిజ్జా తినను, వేడి చాయ్ గుక్కలో మింగినట్టు అంటా. పది పన్నెండు రోజులు మక్కగట్క చల్లార్చుకుని మజ్జిగతో, అంబలి, మెత్తటి పప్పన్నం. రెండు వారాలు ఆ వైపు బ్రష్ లేదు, క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ మాత్రమే. దాంతో రుచి చచ్చిపోయింది, పచ్చిపులుసు వట్టి నీళ్లలా అనిపించింది, పండ్లు గోధుమరంగుకు తిరిగాయి. ఆ మరకలు తర్వాత క్లీనింగ్‌లో పోయాయి. కుట్లు పద్నాలుగో రోజు తీశారు. ఆ సంక్రాంతికి ఇంటినిండా సకినాలు, నేను అరిసెలో మెత్తటి నడుమ భాగం చప్పరించుకుంటూ కూర్చున్నా.

ఫలితమా? కోరపన్ను మీద 4 మిల్లీమీటర్లు బయట ఉండేది, ఇప్పుడు 1 కూడా లేదు. దాని పక్కపన్ను సగమే కప్పింది. అతికించిన చోట చిగురు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, వేలు పెడితే తెలుస్తుంది, చూస్తే తెలియదు. చల్లనీళ్లు ఆ వైపు హాయిగా తాగుతున్నా. రెండు పండ్లకు నాకు ఇరవై నాలుగు వేలు పడింది, మందులు వేరే. అంత పెట్టలేనివాళ్లకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఉంది, డెంటల్ కాలేజీల్లో చిగుళ్లకు విడిగా డిపార్ట్‌మెంట్ ఉంటుంది. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, కాకపోతే ఓపిక, నాలుగైదు సార్లు తిరిగే తీరిక ఉండాలి.

రోజూ చేసేది ఇంత: సాఫ్ట్ బ్రష్, పిడికిలితో కాకుండా పెన్ను పట్టినట్టు మూడు వేళ్లతో. కుచ్చు చిగురు అంచు మీద 45 డిగ్రీల వాలులో ఆనించి, అక్కడే సన్నగా ఆడించి, పన్ను కొస వైపు ఊడ్చేయడం. మొదటి నెల అసలు తోమినట్టే అనిపించలేదు, చేతికి తృప్తి ఉండేది కాదు. కింది సందుల్లో సన్న బ్రష్. ఆరు నెలలకోసారి క్లీనింగ్. ఇరవై నాలుగు వేల ఆపరేషన్ రెండు పండ్లను బాగుచేసింది, నలభై రూపాయల బ్రష్ మిగతావాటిని ఇంకా జారకుండా ఆపింది. కింది పండ్ల కొలతలు నాలుగేళ్లుగా అక్కడే ఉన్నాయి.

మొన్న చెకప్‌లో కుడివైపు కోరపన్ను దగ్గర 1 మిల్లీమీటరు కనిపించింది. భయపడి దీన్ని కూడా కప్పేద్దామా అంటే, "ఆగండి, కదులుతుందో లేదో చూద్దాం" అని ఫోటో తీసి పెట్టుకున్నారు. దసరా అయిపోయాక మళ్లీ కొలుస్తారు.