చేతి గాలి మీటరు: రెండు సీజన్లు వాడాక

వారం మధ్యలో సాయంత్రాలు జరిగే తెరచాప పడవల పందేలకు రెండు సీజన్లుగా ఈ చిన్న మీటరును వెంట తీసుకెళుతున్నాను. అరచేతిలో ఇముడుతుంది, నీళ్లు చిమ్మినా ఆగలేదు, అంకెలు ఎండలోనూ కనిపిస్తాయి.

దీని అసలు ఉపయోగం పందెం మొదలయ్యే ముందే. పడవను నిలిపి 10 నిమిషాలు కొలిస్తే, గాలి 6 నాట్లకూ 9 నాట్లకూ (నాట్ అంటే గాలి, పడవల వేగాన్ని చెప్పే కొలత) మధ్య ఎలా ఊగుతోందో తెలుస్తుంది. చూడడానికి చిన్న తేడానే. కానీ తెరచాపపై ఒత్తిడి గాలివేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, 9 నాట్ల గాలికి 6 నాట్ల గాలికన్నా 2.25 రెట్ల బలం ఉంటుంది. తెరచాపను ఎంత బిగించాలో అప్పుడే నిర్ణయించుకుంటాను. పడవ కదలడం మొదలయ్యాక మాత్రం మీటరు చూపే అంకెలో పడవ వేగం కూడా కలుస్తుంది: ఎదురుగాలికి పోతే ఎక్కువ, గాలివాటున పోతే తక్కువ. కొత్తవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

ప్రవాహం సంగతి ఇది చెప్పదు. దానికి నేను లంగరు వేసిన బోయాను (నీటిపై తేలే గుర్తును) చూస్తాను: ఎటు వాలింది, దాని వెనక నీరు ఎలా చీలుతోంది? ఒడ్డు దగ్గర, లోతు తక్కువ చోట ప్రవాహం సాధారణంగా మందగిస్తుంది. పోటు తిరిగేటప్పుడు తరచూ ముందు మారేదీ అక్కడే. ఒక సాయంత్రం అంకెలకే కళ్లప్పగించి నడినీటిలో ఉండిపోయాను. ఒడ్డు వెంట వెళ్లిన మూడు పడవలు నన్ను దాటిపోయాయి.

బ్యాటరీ మూత మాత్రం తడి వేళ్లతో తెరుచుకోదు. ఒడ్డునే మార్చుకుని బయలుదేరండి.