క్లాడియస్, స్మైలీ, మెరిక్: ముందు ఎవరి గడప తొక్కాలి?

"పాత బ్రిటిష్ సీరియల్స్ అంత బాగుంటాయంటావు కదా బావా, ఒక్కటంటే ఒక్కటి చెప్పు, ఈ శనివారం మొదలుపెడతాను" అన్నాడు మా బావమరిది. ఒక్కటి అనేసరికి నాకు నోట మాట రాలేదు. పేర్లు చాలానే ఉన్నాయి. కానీ ఎంత వడపోసినా చివరికి మూడు మిగిలాయి: 'ఐ, క్లాడియస్' (బీబీసీ, 1976), 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై' (బీబీసీ, 1979), 'ది జువెల్ ఇన్ ది క్రౌన్' (గ్రెనడా టీవీ, 1984). మూడూ నవలల నుంచి వచ్చినవే. మొదటిది రాబర్ట్ గ్రేవ్స్‌ది, రెండోది జాన్ లె కారేది, మూడోది పాల్ స్కాట్‌ది.

సీరియల్ అనగానే మనకు వెయ్యి ఎపిసోడ్లు దాటినా ఒక కొలిక్కి రాని కథలు గుర్తొస్తాయి. వీటికి మొదలూ చివరా ఉన్నాయి. 'టింకర్ టైలర్' 7 భాగాలు, రెండు సాయంత్రాలు గట్టిగా కూర్చుంటే అయిపోతుంది. మిగతా రెండూ 10 గంటలు దాటుతాయి. 'జువెల్' అయితే 14 భాగాలు, మొదటి భాగం ఒక్కటే సినిమా అంత ఉంటుంది.

ముందు 'క్లాడియస్' సంగతి. చూడ్డానికి ఈ మూడింట్లో బీదగా ఉండేది ఇదే. మొత్తం స్టూడియోలో, వీడియో మీద తీశారు. రోమ్ సామ్రాజ్యం కథ అయినా ఒక్క యుద్ధం కనిపించదు. ఆటల పోటీలు జరుగుతుంటే చక్రవర్తి కుటుంబం కూర్చున్న చోటు చూపిస్తారు, జనం గోల మాత్రం బయటి నుంచి వినిపిస్తుంది. ముసలి క్లాడియస్‌గా డెరెక్ జాకొబీ వేసుకున్న మేకప్ మేకప్‌లాగే కనిపిస్తుంది. నత్తి, కుంటినడక ఉన్న ఆ మనిషిని ఇంట్లోవాళ్లందరూ వెర్రివాడి కింద జమకట్టి వదిలేస్తారు. వదిలేశారు కాబట్టే బతుకుతాడు, చివరికి చక్రవర్తి అవుతాడు, తన ఇంటి నెత్తుటి చరిత్రంతా తానే కూర్చుని రాస్తాడు. మొదటి అరగంట ఓపిక పట్టాలి. బంధుత్వాలు అర్థం కావు, ఎవరు ఎవరి కొడుకో ఎవరి మనవడో తికమకగా ఉంటుంది. కాగితం మీద వంశవృక్షం గీసుకుంటే తేలిక, నేను అలాగే చేశాను.

అమ్మకు ఇంగ్లీషు అంతగా రాదు. అయినా చక్రవర్తి అగస్టస్ చనిపోయే సన్నివేశం వస్తుండగా వంటగదిలోంచి వచ్చి నా పక్కన కూర్చుంది. భార్య లివియా విషం పెడుతోందేమోనని అనుమానం వచ్చి, చెట్టు నుంచి తన చేత్తో కోసుకున్న అంజూరపళ్లే తింటున్నాడు అగస్టస్. ఇక మంచం మీద పడుకుని ఉన్నాడు. కెమెరా అతని ముఖం మీదే ఆగిపోయింది. లివియా కనిపించదు, గొంతు మాత్రం వినిపిస్తుంది, నింపాదిగా, కాపురంలోని పాత లెక్కలు తేలుస్తున్నట్టు. నిమిషాలు గడుస్తాయి, కట్ ఉండదు. అగస్టస్‌గా వేసిన బ్రయాన్ బ్లెస్డ్ కళ్లు తెరిచే ఉంటాయి. ఆ కళ్లల్లోంచి ప్రాణం ఎప్పుడు పోయిందో మనం పట్టుకోలేం. "ఏరా, పోయాడా?" అని అడిగింది అమ్మ. "ఇందాకే పోయినట్టున్నాడమ్మా" అన్నాను. తర్వాత లివియా బయటికి వచ్చి కొడుకు టైబీరియస్‌తో మాట్లాడి, వెళ్తూ వెళ్తూ ఆ అంజూరపళ్లు మాత్రం ముట్టుకోకు అంటుంది. నేను అర్థం చెప్పాను. "చెట్టు మీది పళ్లకే పూసిందా! దీనికంటే శకుని నయం" అంది అమ్మ. ఆ రాత్రి ఆవిడ ఇంకో భాగం పెట్టించుకుని మరీ చూసింది.

ఈ సీరియల్ ఇన్నేళ్లు నిలవడానికి కారణం నాకు అక్కడే దొరికింది. డబ్బు లేదు, చూపించడానికి ఊళ్లూ సైన్యాలూ లేవు, అందుకని భారమంతా నటుల ముఖం మీదా మాట మీదా పడింది. షాన్ ఫిలిప్స్ లివియాగా గొంతు పెంచాల్సిన పని లేకుండానే భయపెడుతుంది. పిచ్చి చక్రవర్తి కలిగులాగా జాన్ హర్ట్ వచ్చాక కొన్ని సన్నివేశాలు తట్టుకోవడం కష్టం, పిల్లలు పక్కనుంటే పెట్టకండి.

'టింకర్ టైలర్' దీనికి పూర్తిగా వేరే మనిషి. ఇందులో గొంతులు తగ్గుతాయి. మొదటి సన్నివేశమే చూడండి. ఒక మామూలు మీటింగ్ గది. నలుగురు ఒక్కొక్కరుగా వస్తారు, కుర్చీలు లాక్కుంటారు, ఫైళ్లు సర్దుకుంటారు. ఆఖరున వచ్చిన మనిషి చేతిలో టీ కప్పు, సాసర్ దాని కింద కాకుండా పైన మూతలా పెట్టుకుని వస్తాడు. అప్పటిదాకా ఎవరూ ఏమీ మాట్లాడరు. మొదటిసారి చూసినప్పుడు ఇదేం ప్రారంభం అనిపించింది. రెండోసారి చూసినప్పుడు ఆ నలుగురి స్వభావాలూ అక్కడే పరిచేశారని అర్థమైంది. బ్రిటిష్ గూఢచారి సంస్థ పైస్థాయిలో మాస్కో మనిషి ఒకడు ఉన్నాడు. వాడెవడో తేల్చాల్సింది ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చున్న జార్జ్ స్మైలీ.

స్మైలీగా ఆలెక్ గిన్నిస్ చేసేదల్లా వినడం. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కళ్లద్దాలు తుడుచుకుంటాడు, తల కొంచెం వంచుతాడు, ఒక చిన్న ప్రశ్న వేస్తాడు. అంత పెద్ద నటుడు ఎదుటివాళ్లకు అంత చోటు వదలడం చూసి నేను ఆశ్చర్యపోయాను. బెరిల్ రీడ్ వేసిన కాన్నీ శాక్స్ అనే పాత ఉద్యోగినితో అతను మాట్లాడే ఘట్టం ఒక్కటి చాలు. పనిలోంచి పంపించేసిన మనిషికి తన పని ఎంత గుర్తుంటుందో, ఎంత బాధగా గుర్తుంటుందో అక్కడ కనిపిస్తుంది.

కష్టం ఏమిటంటే, ఈ సీరియల్ మనకు ఏదీ వివరించదు. వాళ్ల ఆఫీసు భాష వాళ్లది. 'సర్కస్' అంటే సంస్థ ప్రధాన కార్యాలయం, 'మోల్' అంటే లోపలి ద్రోహి. సబ్‌టైటిల్స్ తప్పనిసరి, ఫోన్ పక్కన పడేయాలి. అలసిపోయి వచ్చిన రోజు దీన్ని మొదలుపెట్టకండి. ఇంకో మాట: అమెరికా కోసం దీన్ని 6 భాగాలకు కుదించిన వెర్షన్ ఒకటుంది. దొరికితే 7 భాగాలదే చూడండి, ఆ నిదానం లేకపోతే సగం పోయినట్టే. 2011 సినిమా కూడా బాగుంది గానీ, రెండు గంటల్లో అనుమానితులు నలుగురూ మనకు సరిగా పరిచయం కాకుండానే కథ అయిపోతుంది.

'జువెల్ ఇన్ ది క్రౌన్' మన దేశం కథ, 1942 ఆగస్టు నుంచి 1947 దాకా. ఉదయ్‌పూర్, మైసూర్, సిమ్లాలలో తీశారు, కంటికి నిండుగా ఉంటుంది. హరి కుమార్ ఇంగ్లండ్‌లో పెరిగి, తండ్రి పోయాక దేశానికి తిరిగొచ్చినవాడు. ఇక్కడి భాష రాదు. అక్కడ తనతో చదివిన తెల్లవాళ్లు ఇక్కడ తనవైపు చూడను కూడా చూడరు. అతన్ని ప్రేమించిన డాఫ్నీ మానర్స్, ఇద్దరి మీదా కన్నేసిన పోలీసు అధికారి రోనాల్డ్ మెరిక్. మెరిక్‌గా టిమ్ పిగాట్-స్మిత్ నటన చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. సొంత దేశంలో కింది మెట్టు మీద ఉన్న మనిషి, అధికారం దొరికిన చోట ఆ కసి ఎలా తీర్చుకుంటాడో ఇంత దగ్గరగా చూపించిన పాత్ర నాకు ఇంకొకటి తెలియదు. పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ వేసిన ముసలి మిషనరీ బార్బీ బ్యాచిలర్ మరో అద్భుతం. వీళ్లిద్దరికీ బ్రిటన్‌లో సినిమా, టీవీలకు ఇచ్చే బాఫ్తా అవార్డులు వచ్చాయి.

కానీ నాకు దీని మీద ఫిర్యాదు ఉంది. హరి కుమార్ మొదటి భాగాల తర్వాత దాదాపు మాయమైపోతాడు. కథ ఇంగ్లీషు కుటుంబాల డ్రాయింగ్ రూముల్లోకి వెళ్లిపోతుంది. క్విట్ ఇండియా రోజుల్లో మన తాతలు లాఠీలు తిన్నారు, జైళ్లకు పోయారు. ఇక్కడ ఆ ఉద్యమం కిటికీ బయట వినిపించే అల్లరిగానే మిగిలిపోతుంది. 1984లోనే సల్మాన్ రష్దీ ఒక వ్యాసంలో ఈ సీరియల్‌నీ, బ్రిటిష్ రాజ్ మీద అప్పట్లో వచ్చిన సినిమాలనీ ఇలాంటి కారణాలతోనే దులిపేశారు. ఆయనతో నేను ఏకీభవిస్తాను. అయినా మళ్లీ చూస్తాను, ఒక సన్నివేశం కోసం.

అది జైలు గది. ఏ నేరమూ రుజువు కాకుండానే రెండేళ్లుగా లోపల ఉన్న హరిని ఒక ఆంగ్ల అధికారి ప్రశ్నిస్తాడు. పక్కన ఎవరో కనపడకుండా వింటున్నారు. హరిగా వేసిన ఆర్ట్ మాలిక్ చాలాసేపు ఏదీ బయటపెట్టడు. తర్వాత, ఎంతో చక్కటి ఇంగ్లీషులో, అరెస్టయిన రాత్రి మెరిక్ తనను ఏం చేశాడో చెబుతాడు. సరస్సులూ రాజభవనాలూ అన్నీ మర్చిపోతాం, ఆ బల్ల, ఆ గొంతు గుర్తుంటాయి.

'టింకర్ టైలర్'లోనూ ఇలాంటి గదే ఒకటుంది, అదీ మన దేశంలోనే, ఢిల్లీ జైల్లో. రష్యన్ గూఢచారి కార్లా మాస్కోకు వెళ్తే చంపేస్తారని, మావైపు వచ్చెయ్యమని స్మైలీ బతిమాలతాడు. సిగరెట్లు, భార్య ఆన్ ఇచ్చిన లైటర్ ముందు పెడతాడు. కార్లా నోరు తెరవడు. లైటర్ మాత్రం పట్టుకుపోతాడు. ఆ మాటలేని కార్లా పాట్రిక్ స్టూవర్ట్. 'క్లాడియస్'లో టైబీరియస్ అంగరక్షక దళానికి నాయకుడైన సెజానస్ ఆయనే. ఆ ఆన్ ఎవరో చివరి భాగంలో గానీ కనిపించదు. చూస్తే షాన్ ఫిలిప్స్, మన లివియా!

అందుకే బావమరిదికి ముందు 'క్లాడియస్' చెప్పాను. ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని, మధ్యలో ఆపి మాట్లాడుకుంటూ చూడొచ్చు, పైగా అందులో చూసిన ముఖాలు తర్వాత 'టింకర్ టైలర్'లో ఎదురైనప్పుడు ఒక సంతోషం. మూడింట్లో ఉత్తమం ఏదంటే నా ఓటు 'టింకర్ టైలర్'కే. అది మొదట చూడాల్సింది మాత్రం కాదు, ఒంటరిగా, తీరుబడిగా చూడాల్సింది. 'జువెల్' చివరికి ఉంచుకోండి, దానితో వాదించడానికి బలం కావాలి.

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. నాలుగో భాగంలో ఉన్నాడట. "బావా, ఈ లివియా ఇంకా ఎంతమందిని చంపుతుంది?" అన్నాడు. చెప్పలేదు.