గ్యారేజ్ ఇంక్.: మెటాలికా రాసుకున్న బాకీల పద్దు

1998 నవంబరులో విడుదలైన ‘గ్యారేజ్ ఇంక్.’ అనే రెండు డిస్కుల ఆల్బమ్‌లో అమెరికా హెవీ మెటల్ బృందం మెటాలికా సొంత పాట ఒక్కటి కూడా లేదు. ఇందులోని 27 ట్రాకులూ ఇతరుల పాటలే. తొలి డిస్కులోని 11 పాటలలో దాదాపు అన్నింటినీ ఆ ఏడాదే, కాలిఫోర్నియాలోని సాసలీటో పట్టణంలో ఉన్న ద ప్లాంట్ స్టూడియోలో, నిర్మాత బాబ్ రాక్‌తో కలిసి కొత్తగా రికార్డు చేశారు. మలి డిస్కులోని 16 ట్రాకులు 1984 నుంచి 1995 దాకా సింగిళ్ల (ఒక్క పాట కోసం వేసే రికార్డుల) వెనుక వైపున, ఒక చిన్న రికార్డులో, అక్కడక్కడా చెదిరి ఉన్న పాత రికార్డింగులు. వాటిలో కొన్ని అప్పటికే అంగళ్లలో దొరకకుండా పోయి, అభిమానులు పాత రికార్డుల కోసం ఎక్కువ డబ్బు పెట్టవలసి వచ్చిన పరిస్థితి ఉండేది. అందువల్ల ఈ ఆల్బమ్ కొంత సంకలనం, కొంత కొత్త రికార్డింగు. ఈ రెండు భాగాల నాణ్యత మాత్రం ఒకటి కాదు.

ఒకరి పాటను మరొకరు పాడడం మన శ్రోతలకు వింతేమీ కాదు. కచేరీలో త్యాగరాజ కృతి పాడిన విద్వాంసుణ్ణి ‘సొంత పాట లేదా’ అని ఎవరూ అడగరు. ఆ కృతిని ఎలా పాడాడన్నదే చూస్తారు. రాక్ సంగీతంలో సొంతంగా రాసుకోవడమే గొప్ప అన్న భావన బలంగా ఉన్నందువల్ల కవర్ ఆల్బమ్ (ఇతరుల పాటల ఆల్బమ్) అనగానే చాలామంది విరామ కాలపు పనిగా తీసిపారేస్తారు. ఈ ఆల్బమ్‌ను మాత్రం కచేరీని విన్నట్లే వినాలని నా అభిప్రాయం. మూలాన్ని ఎంత పట్టుకున్నారు, తమది ఎంత కలిపారు అన్న రెండు ప్రశ్నలతో వింటే దీని మంచి చెడ్డలు రెండూ స్పష్టంగా తెలుస్తాయి.

ముందుగా మలి డిస్కు గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ఆల్బమ్‌కు ప్రాణం అక్కడే ఉంది. 1986 సెప్టెంబరులో స్వీడన్‌లో జరిగిన బస్సు ప్రమాదంలో బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ మరణించిన తరువాత, కొత్తగా చేరిన జేసన్ న్యూస్టెడ్‌తో బృందం మొదట విడుదల చేసిన రికార్డు 1987 నాటి ‘గ్యారేజ్ డేస్ రీ-రీవిజిటెడ్’. దుకాణదారులు ఎక్కువ ధర వసూలు చేయకుండా 5.98 డాలర్లన్న ధరను పేరులోనే పెట్టిన ఈ చిన్న రికార్డులోని ఐదు ట్రాకులూ ఇక్కడ వరుసగా ఉన్నాయి. డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ ఇంటి గ్యారేజీలో సాధన చేసి, లాస్ ఏంజెలెస్‌లో కొద్ది రోజుల్లోనే ముగించిన రికార్డింగు ఇది. ‘హెల్ప్‌లెస్’ మొదలుకాగానే గిటార్లు గరుకుగా, డ్రమ్స్ గది గోడలకు తగిలి తిరిగివస్తున్నట్లుగా వినిపిస్తాయి; వాటి కింద న్యూస్టెడ్ బేస్ స్పష్టంగా గుర్రుమంటుంది. మరుసటి ఏడాది వచ్చిన ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ ఆల్బమ్‌లో అతడి బేస్ దాదాపు వినబడదన్న విమర్శ తెలిసినవారికి ఈ ఐదు ట్రాకుల విలువ వేరే చెప్పనక్కరలేదు. హోలోకాస్ట్ బృందపు ‘ద స్మాల్ అవర్స్’ను ఈడ్చుతూ, బరువుగా వాయించి, మధ్యలో హఠాత్తుగా వేగం అందుకునే చోటు నాకు ఈ ఆల్బమ్ మొత్తంలోనే బాగా నచ్చిన ఘట్టం. మిస్‌ఫిట్స్ బృందపు పాటల జంట ముగిసిన తరువాత ఐరన్ మెయిడెన్ బృందపు ‘రన్ టు ద హిల్స్’ ఆరంభాన్ని కావాలనే అపస్వరాలతో వాయించి నవ్వుకోవడం కూడా ఆ కుర్రతనంలో భాగమే.

ఇదే డిస్కులో 1984 నాటి ‘యామ్ ఐ ఈవిల్?’ ఉంది. డైమండ్ హెడ్ అనే ఇంగ్లండు బృందానిది ఈ పాట. ఉల్రిచ్ 17 ఏళ్ల వయసులో, 1981లో, వీరి కోసమే అమెరికా నుంచి ఇంగ్లండు వెళ్లి, వారి ఇళ్లలోనే కొంతకాలం గడిపాడు. 1980లో ఆ బృందం తెచ్చిన తొలి ఆల్బమ్‌లో ఉన్నవి ఏడు పాటలు. వాటిలో నాలుగు ‘గ్యారేజ్ ఇంక్.’లో ఉన్నాయంటే ఆ బాకీ ఎంత పెద్దదో ఊహించవచ్చు. నెమ్మదిగా నడిచే ఆరంభపు రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ స్వరపంక్తి), ఆ తరువాత గిటార్ ఒంటరిగా పరుగెత్తడం, ఒక్కసారిగా అందరూ కలవడం అన్న ఈ నిర్మాణం మెటాలికా సొంత పాటల్లో ఎన్నిసార్లు వచ్చిందో ఈ పాట విన్నాక లెక్క పెట్టుకోవచ్చు. క్వీన్ బృందపు ‘స్టోన్ కోల్డ్ క్రేజీ’ కూడా ఇక్కడే ఉంది. ఎలెక్ట్రా రికార్డుల సంస్థ నలభయ్యో వార్షికోత్సవ సంకలనం కోసం చేసిన ఆ రికార్డింగు 1991లో గ్రామీ పురస్కారం తెచ్చింది.

తొలి డిస్కుకు వస్తే, ఇది డబ్బూ తీరికా ఉన్న బృందం పని. ధ్వని నిండుగా, శుభ్రంగా ఉంటుంది. కొన్ని పాటలకు ఆ నిండుదనమే శత్రువైంది. డిశ్చార్జ్ అనే పంక్ బృందం పాటలు రెండింటిని తీసుకుని ఒకదాన్ని డిస్కు మొదట, మరొకదాన్ని చివర పెట్టారు. మూలంలో ఆ పాటలు కోపంతో, తొందరతో, చౌక రికార్డింగుతో బతికాయి. ఇక్కడ వాటిని భారీ గిటార్ల కింద అదిమేసరికి కోపం పోయి బరువొక్కటే మిగిలింది. మిస్‌ఫిట్స్ ‘డై, డై మై డార్లింగ్’ కూడా ఇదే దారి పట్టింది. బ్లాక్ సబ్బాత్ ‘సబ్రా కడాబ్రా’ మధ్యలో అదే బృందపు ‘ఎ నేషనల్ అక్రోబాట్’ భాగాన్ని ఇమిడ్చిన తీరు తెలివైనదే గాని, పాట మొత్తం మీద పెద్దగా గుర్తుండదు.

బృందం తన వీధి దాటి బయటికి వెళ్లిన చోటల్లా ఈ డిస్కు నిలబడింది. బాబ్ సీగర్ ‘టర్న్ ద పేజ్’లో శాక్సోఫోన్ వాయించే ప్రసిద్ధమైన స్వరపంక్తిని మెటాలికా గిటారిస్టు కర్క్ హామెట్ స్లయిడ్ గిటార్‌పై (తీగలపై గొట్టం జార్చి వాయించే పద్ధతిలో) పలికించాడు, ఊరూరా తిరిగి అలసిన గాయకుడి బాధ ఆ సాగదీతలో మూలం కంటే మొరటుగా, నాకు మాత్రం మరింత నమ్మదగినదిగా వినిపించింది. నిక్ కేవ్ ‘లవర్‌మ్యాన్’ను ఎంచుకోవడమే సాహసం. మెటాలికా గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ గొంతు గుసగుస నుంచి కేక దాకా వెళ్లే దారిలో ఒకటి రెండు చోట్ల తడబడినట్లు ఉన్నా, ఎనిమిది నిమిషాల సేపు కదలనివ్వదు. డెన్మార్క్‌కు చెందిన మెర్సిఫుల్ ఫేట్ బృందపు ఐదు పాటలను కుట్టి పదకొండు నిమిషాలకు పైగా సాగే మాలికగా చేసిన ట్రాకులో, ఆ బృందపు గాయకుడు కింగ్ డైమండ్ తారస్థాయి గాత్రాన్ని అనుకరించే ప్రయత్నం హెట్‌ఫీల్డ్ చేయలేదు. తన గొంతుకు తగినట్లే పాడి, భారమంతా గిటార్లపై వేశాడు. మూలాన్ని పట్టుకుని తమది కలపడమంటే ఇదే.

‘విస్కీ ఇన్ ద జార్’ గురించి అభిమానుల్లో రెండు వర్గాలున్నాయి. దారిదోపిడీ చేసి, ఆ సొమ్మును ప్రియురాలికి తెచ్చిచ్చి, ఆమె చేతిలోనే మోసపోయిన వాడి కథ చెప్పే ఈ పాత ఐరిష్ జానపద గీతానికి 1970లలో థిన్ లిజీ బృందం రాక్ రూపం ఇచ్చింది. మెటాలికా ఆ రూపాన్నే తీసుకుని మరింత దట్టంగా వాయించింది. 2000లో దీనికి గ్రామీ కూడా వచ్చింది. పల్లవి గుంపుగా పాడుకోవడానికి బాగుంటుందన్నది నిజమే గాని, థిన్ లిజీ గిటార్‌లో ఉన్న దిగులు ఇక్కడ లేదు.

‘ట్యూజ్‌డేస్ గాన్’ మరో రకం. 1997 చివర ఒక రేడియో కార్యక్రమంలో మిత్రులను పోగేసుకుని చేసిన రికార్డింగు ఇది. అలిస్ ఇన్ చెయిన్స్ బృందం నుంచి జెర్రీ కాంట్రెల్, హార్మోనికాతో జాన్ పాపర్, అన్నింటికీ మించి మూల గీతాన్ని చేసిన లినర్డ్ స్కినర్డ్ బృందంలోని గ్యారీ రాసింగ్టన్ ఇందులో ఉన్నారు. తొమ్మిది నిమిషాలు ఎక్కువే అనిపిస్తుంది. అయినా హార్మోనికా అందుకున్న ప్రతిసారీ ఆ ఫిర్యాదు మరచిపోతాను.

మలి డిస్కు చివర ఉన్న నాలుగు మోటర్‌హెడ్ బృందపు పాటలు 1995లో ఆ బృందపు గాయకుడు లెమ్మీ 50వ పుట్టినరోజు వేడుకతో ముడిపడినవి. ఆ వేడుకలో మెటాలికా బృందమంతా లెమ్మీలాగే వేషం వేసుకుని వాయించింది. సరదా బాగానే తెలుస్తుంది గాని, వరుసగా నాలుగూ వినడం వీరాభిమానులకే సాధ్యం.

కొత్తగా వినేవారు మలి డిస్కులో ‘హెల్ప్‌లెస్’తో మొదలుపెట్టి ‘యామ్ ఐ ఈవిల్?’ దాకా విని, ఆపైన తొలి డిస్కులోని ‘టర్న్ ద పేజ్’కు రావడం మంచిది. ఆ తరువాత నచ్చితే డైమండ్ హెడ్ తొలి ఆల్బమ్‌ను వెతికి వినండి. కారులో పెద్దలు, పిల్లలు ఉన్నప్పుడు మాత్రం మలి డిస్కులోని ‘సో వాట్’ రాకముందే చేయి బటన్‌పై ఉంచుకోవాలి. ఆ పాటలో ఒక్క చరణం కూడా పదిమందిలో వినదగినది కాదు.