కొత్త ఫుట్‌బాల్ గేమ్‌కి ముందే అడ్వాన్సు కడుతున్నారా? శ్రీకాకుళం వాళ్ళూ, కాస్త ఆగండి

కొత్త ఫుట్‌బాల్ గేమ్ ఇంకా బయటికి రాలేదు గానీ, మన ఊళ్ళో అడ్వాన్సుల వసూలు అప్పుడే మొదలైపోయింది. పొద్దున్న ఒక షాపు వాళ్ళ వాట్సాప్ స్టేటస్ చూసేను. ఇప్పుడు 1,500 కట్టాలట, మిగతా 1,300 విడుదల రోజున ఇవ్వాలట, ముందు కట్టినవాళ్ళకే గ్యారంటీ అట. నిరుడూ ఇవే మాటలు, ఇవే అంకెలు. అవి నమ్మే మా మేనల్లుడు డబ్బు కట్టేడు. 2,800 రూపాయలకి వాడికి దక్కింది పన్నెండు రోజుల ఆట, ఆ పైన నెలన్నర తిరుగుడు.

షాపు పేరు గానీ, ఆ ఆట పేరు గానీ నేను రాయడం లేదు. ఒక షాపు పేరు చెబితే మిగతావన్నీ మంచివనుకుని అక్కడికెళ్తారు. జరిగే పద్ధతి ఏమిటో తెలిస్తే ఎక్కడైనా గుర్తు పట్టొచ్చు.

మా అక్క వాళ్ళది పలాస. వాడు ఇక్కడ మా ఇంట్లో ఉండి డిప్లొమా చదువుతున్నాడు. నిరుడు వేసవి సెలవుల్లో ఊరెళ్ళి, తెలిసినవాళ్ళ జీడిపప్పు ఫ్యాక్టరీలో బస్తాల లెక్క రాసేడు. ఆ ఎండలో, జీడిపిక్కల పొగలో రెండు నెలలు. వచ్చిన జీతంలో సగం పైగా వాళ్ళమ్మ చేతిలో పెట్టి, మిగిలింది ఈ ఆట కోసమని దాచుకున్నాడు. 2,800 ఒక లెక్కా అనేవాళ్ళుంటారు. ఆ డబ్బు ఎలా వచ్చిందో చూసినవాణ్ణి కాబట్టి నాకది లెక్కే.

వాడికి ఫుట్‌బాల్ మీద ఇష్టం పుట్టింది 2022 మార్చి 20 రాత్రి. గోవాలో మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ ఫైనల్, హైదరాబాద్ ఎఫ్‌సీకీ కేరళ బ్లాస్టర్స్‌కీ. 1-1 దగ్గర ఆగి పెనాల్టీలకి పోయింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేడు, కప్పు మన వాళ్ళకొచ్చింది. ఆ రాత్రి వాడు గెంతిన గెంతుకి మంచం కోడు విరిగింది. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఊసు లేని వీధి మాది. అలాంటి చోట ఒక కుర్రాడు కోడి రామమూర్తి స్టేడియానికి బంతి పట్టుకుని ఒంటరిగా వెళ్ళడం మొదలెట్టేడు. 2021 అక్టోబరులో వచ్చిన ఫిఫా 22 అనే వీడియో గేమ్‌లో ఐఎస్‌ఎల్‌ని మొదటిసారి చేర్చేరు. ఆ సంగతి తెలిసి, స్నేహితుడి ఇంటికెళ్ళి, హైదరాబాద్ జట్టుని తీసుకుని తెల్లారేదాకా ఆడొచ్చేడు. ఆ పసుపు చొక్కా తెర మీద చూసిన సంతోషం వాడు చెబుతుంటే నాకే ముచ్చటేసింది. కాబట్టి ఈ ఆటలంటే నాకు కోపమేమీ లేదు. ఇష్టంగా ఎదురుచూసేవాళ్ళ ఇష్టాన్ని చూసి వల వేసేవాళ్ళంటేనే కోపం.

ముందు కడితే లాభం అన్న నమ్మకం మన కుర్రాళ్ళకి ఎలా పట్టుకుందో కూడా చెప్పాలి. 2022 జులైలో, ఆన్‌లైన్‌లో గేమ్‌లు అమ్మే ఎపిక్ స్టోర్‌లో, ఇంకా విడుదల కాని ఫిఫా 23 అల్టిమేట్ ఎడిషన్‌ని మన దేశంలో 4,799 రూపాయలకి బదులు పొరపాటున 4 రూపాయల 80 పైసలకి పెట్టేసేరు. అప్పటికే కొనేసినవాళ్ళకి కంపెనీ మాట తప్పకుండా ఆ ధరకే ఆట ఇచ్చింది. ఆ కథ ఇప్పటికీ అందరి నోళ్ళలో నానుతోంది. "ముందు కట్టినోడికే అదృష్టం మావయ్యా" అని మావాడు కూడా అన్నాడు. అది ఒకేసారి జరిగిన పొరపాటు, అదీ అసలు స్టోర్‌లో. దాన్ని చూపించి ఊళ్ళో అడ్వాన్సు అడిగేవాళ్ళకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఇక జరిగింది. అడ్వాన్సు 1,500 నోట్లే ఇచ్చేడు. బిల్లు అడిగితే తెల్ల కాయితం ముక్క మీద పేరూ, అంకే రాసిచ్చేరు. ముద్ర లేదు, సంతకం లేదు. విడుదల రోజు మధ్యాహ్నం 1,300 యూపీఐలో వేయించుకుని, ఆటని సొంత అకౌంట్‌లో వేసుకునే కోడ్ సాయంత్రానికి వచ్చేస్తుందన్నారు. రాలేదు. మర్నాడు అడిగితే సర్వర్ బిజీ. మూడో రోజు ఓనరు ఊళ్ళో లేడు. నాలుగో రోజు రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. తెరిచి చూస్తే అందులో కోడ్ లేదు. ఒక యూజర్ నేమ్, ఒక పాస్‌వర్డ్, "లాగిన్ అయ్యేక ఇంటర్నెట్ ఆపేసి ఆడండి" అన్న సూచన.

ఆ అకౌంట్ తెరిస్తే మెనూలన్నీ మనకి తెలియని భాషలో ఉన్నాయి. పేరు ఇంకెవరిదో. వాడికి అనుమానం వచ్చింది గానీ, నాలుగు రోజులుగా కాచుక్కూచున్న కుర్రాడు ఆ క్షణంలో ఏం ఆలోచిస్తాడు? మూడు రాత్రులు నిద్ర మానుకుని డౌన్‌లోడ్ చేసుకున్నాడు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది.

ఇందులో కిటుకు ఏమిటంటే, షాపు వాళ్ళు ఒక్క కాపీ కొంటారు. అదీ ధర తక్కువుండే దేశపు అకౌంట్‌లో కొనొచ్చు, లేదా ఇంకెవడి దగ్గరో అద్దెకి తేవొచ్చు. ఆ ఒక్క అకౌంట్‌తో ఒక్కో కంప్యూటర్లో లాగిన్ చేయించి, ఇంటర్నెట్ ఆపించి, పదిమందికి పది ఆటలు అమ్మినట్టు డబ్బు తీసుకుంటారు. దీన్నే ఆఫ్‌లైన్ యాక్టివేషన్ అంటారు. ప్లేస్టేషన్ వాళ్ళకైతే ప్రైమరీ అకౌంట్, సెకండరీ అకౌంట్ అని రెండు ధరలు చెబుతారు. అదీ ఈ తంతే. డబ్బు మొత్తం మీరు కడతారు, ఆట మాత్రం మీది కాదు. ఆన్‌లైన్ మ్యాచ్ ఆడలేరు, అసలు ఓనరు పాస్‌వర్డ్ మార్చిన రోజున మీ ఆట అయిపోయినట్టే. కంపెనీకి రాసుకుందామన్నా అకౌంట్ మీ పేరున లేదు కదా, మీ మాట వాళ్ళు వినరు.

మావాడి విషయంలో ఆ రోజు పన్నెండో నాడే వచ్చింది. విండోస్ అప్‌డేట్ అయింది, ఆట మళ్ళీ లాగిన్ అడిగింది, పాస్‌వర్డ్ తప్పంది. అప్పటికి వాడు ఇంగ్లండ్‌లో నాలుగో అంచె జట్టొకటి తీసుకుని, మేనేజరుగా నడిపి, మూడో అంచెకి తెచ్చేడు. ఆటగాళ్ళ పేర్లు, వాళ్ళ వయసులు ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆ సేవ్ ఫైళ్ళు ఇప్పటికీ కంప్యూటర్లో ఉన్నాయి, తెరవడానికి ఆటే లేదు. షాపుకెళ్తే, "ఓనరు పాస్‌వర్డ్ మార్చేసేడు బాబూ, మేమేటి చేస్తాం? ఇంకో 500 ఇస్తే వేరే అకౌంట్ ఇస్తాం" అన్నారు. వాడు ఏమీ అనలేక ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. నాకు అప్పుడు తెలిసింది ఇదంతా.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసేను. ఫిర్యాదు రాసుకుని నంబరు ఇచ్చేరు, ఆధారాలు అడిగేరు. 1,300కి యూపీఐ లావాదేవీ నంబరుంది, వాట్సాప్ మెసేజ్‌లున్నాయి. ఆ ఫిర్యాదు నంబరు పట్టుకుని నాలుగుసార్లు తిరిగేక షాపు వాళ్ళు ఆ 1,300 వెనక్కి వేసేరు. 1,500 సంగతి ఎత్తితే "ఎవరికిచ్చేరు? ఎప్పుడిచ్చేరు?" అని ఎదురు ప్రశ్న. తెల్ల కాయితం చూపిస్తే "ఈ రాత మాది కాదు" అనేసేరు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు, రెండేళ్ళలోపు వేసుకోవచ్చు. కానీ ఆ 1,500 ఇచ్చినట్టు నా దగ్గర ఏముంది చూపించడానికి? నోట్లు ఇవ్వొద్దని ఇంత గట్టిగా చెప్పేది అందుకే. ఇచ్చే ప్రతి రూపాయీ యూపీఐలోనే ఇవ్వండి, షాపు పేరున్న ఖాతాకే. షాపులో కుర్రాడి సొంత నంబరుకి వేయమంటే వేయకండి.

షాపు సంగతి అలా ఉంచండి. ఆట గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ పన్నెండు రోజులూ ఆడినప్పుడే వాడికి సగం ఉత్సాహం పోయింది. షాపులో టీవీ మీద చూపించిన డెమో కన్సోల్‌ది, అంటే ప్లేస్టేషన్ లాంటి దానిది. వాడికిచ్చింది పీసీది. ఆటగాళ్ళ కదలికల్లో ట్రైలర్లో చూపించిన సొగసు దాన్లో లేదు. ఇది కొత్తగా జరిగే పని కాదు. ఫిఫా 22 ప్రచారమంతా హైపర్‌మోషన్ అనే కొత్త టెక్నాలజీ చుట్టూ నడిచింది. 22 మంది ఆటగాళ్ళకి సెన్సర్ల దుస్తులు తొడిగి నిజం మ్యాచ్ ఆడించి, ఆ కదలికలు ఆటలో పెట్టేమన్నారు. తీరా అది ప్లేస్టేషన్ 5, కొత్త ఎక్స్‌బాక్స్ లాంటి వాటికే పరిమితమైంది. పీసీ వాళ్ళకి పాత తరం ఆటే వచ్చింది. నింటెండో స్విచ్ వాళ్ళకైతే కొన్నేళ్ళు లెగసీ ఎడిషన్ పేరుతో పాత ఆటకే కొత్త జట్లు, చొక్కాలు తగిలించి ఇచ్చేరు. రొనాల్డో కోసం ఫిఫా 20 కొన్నవాళ్ళకి అప్పట్లో అతను ఆడే యువెంటస్ జట్టు పేరే కనపడలేదు. లైసెన్సు లేక అది పీమాంటే కాల్చో అయిపోయింది. ఫిఫా 23 పీసీలో వచ్చిన కొత్తలో మోసం చేసి ఆడేవాళ్ళని పట్టుకునే యాంటీ-చీట్ ప్రోగ్రాం ఎర్రర్ వల్ల చాలామందికి ఆట తెరుచుకోనే లేదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించింది కొనామి వాళ్ళది. ఆ కంపెనీ ఫుట్‌బాల్ గేమ్ పెస్ ఆడి పెరిగినవాణ్ణి నేను. ఇంటర్‌నెట్ సెంటర్లో గంటకింత అని ఇచ్చి, ఒకే కీబోర్డు మీద ఇద్దరం ఆడేవాళ్ళం. ఆ పేరు తీసేసి ఈఫుట్‌బాల్ అని పెట్టి 2021 సెప్టెంబరు 30న వదిలేరు. మొహాలు వికారంగా, ఆటగాళ్ళు ఒకరిలోంచి ఒకరు దూరిపోతూ, పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో అతి చెడ్డ రేటింగుల్లో అట్టడుగుకి పోయింది. కంపెనీ క్షమాపణ చెప్పింది. నవంబరులో రావాల్సిన 1.0 వెర్షన్ 2022 ఏప్రిల్‌కి గానీ రాలేదు. ఆట ఉచితమే. అందులో విడిగా అమ్మే ఆటగాళ్ళ ప్యాక్‌కి ముందుగా డబ్బు కట్టినవాళ్ళకి కంపెనీ వెనక్కిచ్చింది. ఎందుకివ్వగలిగిందంటే వాళ్ళు అసలు స్టోర్‌లో, సొంత అకౌంట్‌తో కట్టేరు కాబట్టి. మధ్యలో ఊళ్ళో షాపు ఉంటే ఆ డబ్బు ఎవరికొచ్చేది?

ఈ ఏడాది ట్రైలర్ మావాడు మూడుసార్లు చూసేడు. "ఏటుంది మావయ్యా దీన్లో, చొక్కాలు మార్చేరంతే" అన్నాడు. నాక్కూడా అలాగే అనిపించింది. ట్రైలర్లో చూపించేది ఏ మెషీన్ మీదిదో కింద చిన్న అక్షరాల్లో రాసుంటుంది, అది చదవండి. మీ దగ్గరున్న మెషీన్‌కి వచ్చేది అదే ఆటో కాదో అధికారిక పేజీలో చూడండి. పీసీ అయితే కావలసిన హంగులు కూడా చూసుకోవాలి. ఫిఫా గేమ్‌కే తర్వాత ఎఫ్‌సీ అని పేరు మార్చేరు. ఎఫ్‌సీ 25కే 100 జీబీ ఖాళీ కావాలి, ఎఫ్‌సీ 26కి సెక్యూర్ బూట్ అనే కంప్యూటర్ భద్రత సెట్టింగు ఆన్‌లో ఉండాలి, మన దగ్గరుండే పాత అసెంబుల్డ్ కంప్యూటర్లలో చాలా వాటికి అది కుదరదు. పీసీ గేమ్ పెట్టె కొంటే లోపల డిస్కు ఉంటుందని కూడా అనుకోకండి, ఇప్పుడు కోడ్ కాయితమే ఉంటుంది. ప్లేస్టేషన్ 5 డిజిటల్ ఎడిషన్ ఉన్నవాళ్ళు డిస్కుకి అడ్వాన్సు కడితే, విడిగా డిస్క్ డ్రైవ్ తగిలించుకుంటే తప్ప అది పెట్టుకోవడానికి చోటే ఉండదు.

ముందే కొనాలన్న కోరిక ఆగకపోతే సొంత అకౌంట్‌తో అసలు స్టోర్‌లోనే కొనండి. స్టీమ్‌లో విడుదలకి ముందు ఎప్పుడైనా వెనక్కిచ్చేయొచ్చు. వచ్చేక కూడా 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే డబ్బు తిరిగొస్తుంది. ఖరీదైన ఎడిషన్‌తో ముందుగా ఆడే రోజులు కూడా ఆ 2 గంటల లెక్కలోకే వస్తాయి. ప్లేస్టేషన్‌లో మాత్రం డౌన్‌లోడ్ మొదలెడితే రీఫండ్ దక్కడం కష్టం, కాబట్టి దానంతటదే డౌన్‌లోడ్ అయ్యే సెట్టింగు ముందుగా ఆపేయండి. నన్నడిగితే, విడుదలయ్యేక రెండు వారాలు ఆగి, కొన్నవాళ్ళ మాట విని కొనండి. ఈ ఆటలకి నవంబరు సేల్‌లోనే ధర బాగా తగ్గుతుంటుంది. మావాడూ ఈసారి అప్పటిదాకా ఆగుతానన్నాడు.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేసినవాళ్ళు ఆలస్యం చెయ్యకండి. ఈ రోజే షాపుకి వాట్సాప్‌లో రాయండి: ఫలానా తేదీన ఇంత ఇచ్చేను, ఏ మెషీన్‌కి, ఏ ఎడిషన్, నా సొంత అకౌంట్‌లో వేసుకునే కోడ్ ఇస్తారా, వేరేవాళ్ళ అకౌంట్ ఇస్తారా అని. "కోడే" అని రాతలో జవాబొస్తే దాచుకోండి. ఫోన్ చేసి నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి. జవాబు రాకపోతే రేపే ఇంట్లో పెద్దవాళ్ళని తోడు తీసుకుని వెళ్ళి డబ్బు అడగండి. విడుదల కాకముందైతే వాళ్ళు మీకింకా ఏమీ ఇవ్వలేదు కాబట్టి అడగడం తేలిక. ఆన్‌లైన్‌లో ఎవరికో కట్టి మోసపోయినవాళ్ళు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే వీలు అంత ఎక్కువ.

నిరుడు మావాడిలాగే పోగొట్టుకున్నవాళ్ళు ఇంకో ఇద్దరు నాకు తెలిసేరు. ఒకరిది ఆమదాలవలస, ఇంకొకరిది నరసన్నపేట. మీలో ఎవరి దగ్గరైనా యూపీఐ రశీదో, మెసేజ్‌లో ఉంటే చెరిపేయకుండా ఉంచి నాకు చెప్పండి. నలుగురైదుగురం అయితే కలిసి కమిషన్‌కి వెళ్దాం.