వారంటీ ముగిశాక డీలర్ వర్క్‌షాప్: ఏళ్ల వాడకం తరువాత ఒక సమీక్ష

కొత్తగా కొన్న నాటి నుంచి నా పెట్రోల్ కారుకు ఒకే అధీకృత డీలర్ వర్క్‌షాప్‌లో సర్వీసు చేయిస్తూ వచ్చాను. కంపెనీ ఇచ్చిన వారంటీ, ఆ తరువాత డబ్బు కట్టి పొడిగించుకున్న వారంటీ, రెండూ ముగిసి చాలా కాలమైంది. ఇది కారు మీద సమీక్ష కాదు, ఆ వర్క్‌షాప్ మీద సమీక్ష. దాని పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే వాటిలో ఎక్కువ భాగం డీలర్ల దగ్గర మరమ్మతు వ్యాపారం నడిచే తీరుకే సంబంధించినవి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అక్కడి టెక్నీషియన్ల పనితనంతో నాకు పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా పని మొదలుకాక ముందు, ఏ పార్టు మార్చాలో తేల్చే దగ్గరే ఉంది.

వారంటీ ఉన్నంతకాలం ఈ తేడా నా దృష్టికి రాలేదు. తలుపు అద్దం మోటారు మొండికేసినా, స్టీరింగ్‌లో చప్పుడు వచ్చినా పార్టు మార్చి పంపేవారు. అప్పుడు డబ్బు ఇచ్చేది కంపెనీ కాబట్టి, లోపానికి ఆధారం చూపవలసిన బాధ్యత డీలరుదే. ఆధారం సరిగా లేని క్లెయిమును కంపెనీ తిరస్కరిస్తే నష్టమూ డీలరుదే. గడువు తీరాక ఆ తనిఖీ చేసేవారు ఎవరూ ఉండరు. అదే సర్వీస్ అడ్వైజర్, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే అదే స్కానర్, కానీ "ఈ పార్టే పోయిందని ఎలా తెలిసింది?" అని అడగవలసిన పని యజమాని మీద పడుతుంది. దీనికి తోడు, చాలా చోట్ల అడ్వైజర్ ఆదాయంలో కొంత భాగం ఆయన ఒప్పించిన పనుల విలువ మీద ఆధారపడి ఉంటుంది. కారు కింద దూరి చూసిన మనిషి ఒకరు, మనకు ఫోన్ చేసి ఎస్టిమేట్ చదివే మనిషి మరొకరు.

నన్ను అన్నిటికంటే విసిగించిన సందర్భం ఇంజన్ లైటు వెలిగినప్పటిది. కారు వణుకుతూ నడుస్తోంది. స్కానర్‌లో పి0301 అనే కోడ్ వచ్చింది, అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అవుతోందని, ఇంధనం సరిగా మండటం లేదని అర్థం. ఎస్టిమేట్‌లో మాత్రం నాలుగు ఇగ్నిషన్ కాయిళ్లు (ప్లగ్గులకు అధిక వోల్టేజీ ఇచ్చేవి), నాలుగు స్పార్క్ ప్లగ్గులు, ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే భాగం) క్లీనింగ్, థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) క్లీనింగ్ వరుసగా కనిపించాయి. కోడ్ అనేది లక్షణం ఎక్కడ కనిపించిందో చెబుతుంది తప్ప ఏ పార్టు చెడిపోయిందో చెప్పదు. ఒకటో సిలిండర్ మిస్‌ఫైర్‌కు కాయిల్ కారణం కావచ్చు, ప్లగ్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కనెక్టర్‌లో పట్టిన చిలుము కావచ్చు, కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఏర్పడే ఒత్తిడి, తగ్గడమూ కావచ్చు. ఏదో తేల్చడానికి చాలా సులువైన పరీక్ష ఒకటి ఉంది: ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండో సిలిండర్‌కు మార్చి ఇంజన్ నడిపితే, కోడ్ పి0302గా మారినప్పుడు దోషం కాయిల్‌దేనని తెలిసిపోతుంది. కొత్త పార్టు ఒక్కటీ అక్కర్లేదు. ఆ పరీక్ష చేయమని అడిగితే తమ పద్ధతి ప్రకారం సెట్టు మొత్తం మార్చడమే సరైనదని సమాధానం వచ్చింది. తనిఖీ చార్జీ చెల్లించి కారు తెచ్చుకొని, బయటి మెకానిక్ దగ్గర అదే పరీక్ష చేయించాను; ఒక్క కాయిల్ మార్చగానే వణుకు పోయింది, మళ్లీ రాలేదు. ప్లగ్గులు పాతబడి ఉంటే కాయిళ్లతో పాటు మార్చమనడంలో అర్థముంది, ఆ మాట ఒప్పుకుంటాను. బాగా పనిచేస్తున్న మూడు కాయిళ్లను పారేయమనడానికి మాత్రం నాకు ఇప్పటికీ కారణం కనిపించలేదు.

ఇదే ధోరణి పి0420 కోడ్ విషయంలో ఇంకా ఖరీదుగా పరిణమిస్తుంది. పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గినట్లు కనిపిస్తోందన్నది ఆ కోడ్ సారాంశం; పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు చిన్న లీకు ఉన్నా, ఆ సెన్సర్ సరిగా చదవకపోయినా అదే కోడ్ రావచ్చు. కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలుంటాయి కాబట్టి దాని ధర చిన్నది కాదు. ఏ పరీక్షా లేకుండా దానిని మార్చమంటే ఆగి అడగవలసిందే.

లేబర్ చార్జీ లెక్క చాలామందికి తెలియదు. టెక్నీషియన్ నిజంగా ఎంతసేపు పనిచేశాడన్న దానితో బిల్లుకు సంబంధం లేదు. ఒక్కో పనికి కంపెనీ ముందే నిర్ణయించిన ప్రామాణిక సమయాన్ని గంట రేటుతో హెచ్చిస్తారు. ఈ పద్ధతిలో అన్యాయమేమీ లేదు, పనివాడు నెమ్మదైనా మన బిల్లు పెరగదు కదా. అసలు చిక్కు, ఒకే విప్పుడులో పూర్తయ్యే రెండు పనులకు రెండు పూర్తి సమయాలు వేసినప్పుడు వస్తుంది. నా కారు ముందు చక్రాల స్ట్రట్లు (కుదుపులను తట్టుకునే సస్పెన్షన్ భాగాలు) మార్చినప్పుడు, స్ట్రట్ ఊడదీయాలంటే దానికి బిగించిన స్టెబిలైజర్ లింకును (మలుపుల్లో కారు ఒరగకుండా చూసే కడ్డీకి కలిపే ముక్కను) ఎలాగూ విప్పాలి. అయినా లింకుల మార్పిడికి విడిగా పూర్తి లేబర్ వేశారు. బ్రేక్ డిస్కులు మార్చేటప్పుడు ప్యాడ్లు తీయకుండా డిస్కు బయటికి రాదు, అక్కడా బిల్లులో రెండు లేబర్ వరుసలే. గట్టిగా అడిగితే తగ్గించారు. అడగని వారి సంగతి ఏమిటన్నది వేరే ప్రశ్న.

పార్టు మొత్తాన్ని మార్చడం గురించి మాత్రం డీలరును పూర్తిగా తప్పుపట్టలేను. చక్రాన్ని కారు చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్‌లో రబ్బరు బుష్ ఒక్కటే అరిగినా ఆర్మ్ అంతా మార్చాలన్నారు. విచారిస్తే కంపెనీ పార్టుల జాబితాలో ఆ బుష్ విడిగా లేనే లేదు. బయట బుష్ ఒక్కటే ప్రెస్సు మీద దించి ఎక్కించేవారున్నారు, చాలా తక్కువలో పని అవుతుంది, అయితే బుష్ నాణ్యత, దానిని ఎక్కించిన కోణం సరిగా ఉంటేనే అది నిలుస్తుంది. చేసిన పనికి పూచీ పడవలసిన వర్క్‌షాప్ ఆర్మ్ మార్చడానికే మొగ్గుచూపడం అర్థం చేసుకోదగినదే.

అర్థం కానివి ప్యాకేజీలు. డీకార్బనైజింగ్ (ఇంజన్‌లోని మసి తొలగించడం), ఇంజన్ ఫ్లష్ (ఇంజన్ లోపలి భాగాన్ని కడగడం), ఏసీ శుద్ధి అంటూ ప్రతి సర్వీసులోనూ ఏదో ఒకటి చేయవలసిన పనులు రాసే జాబ్ కార్డులోకి ఎక్కుతుంది. నా ఇంజన్‌లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల (సిలిండర్‌లోకి గాలిని రానిచ్చే కవాటాల) వెనుక చిమ్ముతుంది, ఆ పెట్రోలే వాల్వులను కడుగుతూ ఉంటుంది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజన్లలో ఆ కడుగుడు ఉండదు కాబట్టి వాల్వుల మీద మసి గట్టిపడటం అక్కడ నిజమైన సమస్య. రెండు రకాల ఇంజన్లకూ ఒకే ప్యాకేజీని ఒకే మాటలతో అమ్మడం చూశాక, ఓనర్స్ మాన్యువల్ వెనుక ఉన్న నిర్వహణ పట్టికలో లేని ఏ పనికీ ఒప్పుకోకూడదని నిశ్చయించుకున్నాను. విచిత్రమేమిటంటే, పట్టికలో స్పష్టంగా ఉన్న బ్రేక్ ఫ్లూయిడ్ మార్పిడిని వారు ఎన్నడూ గుర్తు చేయలేదు. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బ్రేక్ ద్రవాల డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, 3.7 శాతం నీరు చేరిన స్థితిలో కావలసిన కనీస స్థాయి 155 డిగ్రీలే. ఏటవాలు దారిలో దిగుతూ బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు ద్రవం మరిగి బ్రేకులు పట్టకపోవచ్చు, అప్పుడు ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. దాని మీద లాభం తక్కువ కాబట్టే మరిచిపోయారని నేను అనుకుంటే అది నా దురుద్దేశం కాదు.

బ్రేక్ ప్యాడ్ల విషయంలో ఇంకో అలవాటు ఉంది. "ప్యాడ్లు 70 శాతం అరిగాయి" అంటారు. దేనిలో 70 శాతం? మొత్తం మందంలోనా, మార్చవలసిన కనీస మందం వరకు మిగిలిన దానిలోనా? చాలా కార్లలో కొత్త ప్యాడ్ ఘర్షణ పదార్థం 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, 3 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే మార్చుకోవడం మంచిది. కొలత మిల్లీమీటర్లలో రాసివ్వమని అడిగిన తరువాత, వెంటనే మార్చాలన్న నా ప్యాడ్లు తరువాతి సర్వీసు దాకా హాయిగా వచ్చాయి.

ఇంత చెప్పినా ఆ వర్క్‌షాప్‌ను పూర్తిగా వదిలేయలేదు. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ, కొత్త తాళంచెవి కోడింగ్, కంప్యూటర్ యూనిట్ల సాఫ్ట్‌వేర్ మార్పు వంటి పనులకు కావలసిన పరికరాలు, అనుమతులు వారి దగ్గరే ఉన్నాయి. ఆ పనులు అక్కడే చేయిస్తాను. భద్రతా లోపం మీద కంపెనీ రీకాల్ ప్రకటిస్తే సాధారణంగా వారంటీతో నిమిత్తం లేకుండా ఉచితంగానే సరిచేస్తారు, కాబట్టి చాసిస్ నంబరుతో అప్పుడప్పుడు విచారిస్తుంటాను. బ్రేకులు, సస్పెన్షన్, బ్యాటరీ, ఆయిల్ మార్పిడి బయటికి వెళ్లిపోయాయి. పార్టులు మాత్రం కంపెనీవో, ఆ కంపెనీకి సరఫరా చేసే తయారీదారు సొంత పెట్టెలో అమ్మేవో తప్ప మరొకటి వాడను. నకిలీ బ్రేక్ ప్యాడ్‌తో మిగిలే డబ్బు నాకు అక్కర్లేదు.

డీలర్ దగ్గర చేయించే పనికి కూడా ఇప్పుడు ఎస్టిమేట్‌లో పార్టు నంబరు, లేబర్ సమయం విడివిడిగా రాయించుకుంటున్నాను, తీసిన పార్టులు తిరిగి ఇవ్వాలని జాబ్ కార్డు మీదే రాసి సంతకం పెడుతున్నాను. ఈ రెండు షరతులు పెట్టినప్పటి నుంచి "మార్చాలి" అన్న మాట స్థానంలో "ఒకసారి చూస్తాం" అన్న మాట తరచుగా వినిపిస్తోంది.

ప్రస్తుతం వారి చేతిలో ఉన్నది ఏసీ. చల్లదనం తగ్గిందంటే గ్యాస్ నింపారు, కొన్నాళ్లకు మళ్లీ తగ్గితే కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్ మూడూ మార్చాలని ఎస్టిమేట్ ఇచ్చారు. మూసి ఉన్న వ్యవస్థలో తిరిగే గ్యాస్ వాడకంతో ఖర్చయిపోదు, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. నైట్రోజన్ ఒత్తిడితోనో, అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగుతోనో లీకు ఎక్కడుందో కనిపెట్టి చూపించమని రాతపూర్వకంగా అడిగాను. ఆ పరీక్షకు అయ్యే చార్జీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఫలితం చూడకుండా మూడు పార్టుల ఎస్టిమేట్ మీద సంతకం పెట్టేది లేదని కూడా అదే కాగితంలో రాశాను.