ఇంట్లో సిస్టమ్‌కి ఫ్రీ యాంటీవైరస్ ఏది వేయాల? నా ఓటు విండోస్ డిఫెండర్‌కే

"అన్నా, ఫ్రీగా వచ్చే మంచి యాంటీవైరస్ ఒకటి చెప్పన్నా" అని అడిగేవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. విండోస్ 10 గానీ 11 గానీ ఉంటే బయట నుంచి ఏదీ వేయొద్దండి, దాంతోపాటే వచ్చిండే డిఫెండర్ చాలు. తిరుపతిలో మా ఇంట్లో, మా చుట్టాల ఇండ్లల్లో సిస్టమ్స్ అన్నీ నేనే చూస్తా ఉంటా, అన్నిట్లో ఇప్పుడు అదే నడుస్తా ఉండాది. నా లెక్కలో 5కి 4 మార్కులు.

విండోస్ 7 రోజుల్లో ఈ మాట చెప్పేదానికి లేదు, అప్పుడు యాంటీవైరస్ విడిగా దించుకోవాల్సిందే. 2012లో విండోస్ 8 నుంచి పూర్తి యాంటీవైరస్ లోపలే ఇస్తా ఉండారు. ఏవీ టెస్ట్, ఏవీ కంపారిటివ్స్ అని ల్యాబ్‌లు ఉంటాయి, వాళ్ల పరీక్షల్లో ఇప్పుడిది డబ్బులిచ్చి కొనేవాటికి దీటుగా వస్తా ఉంది. ఒక మార్కు ఎందుకు తీసేశానంటే, నెట్ లేనప్పుడు దీనికి పట్టు తగ్గుతుంది, ఇంకా పాత హార్డ్ డిస్క్ ఉండే సిస్టమ్‌లో స్కాన్ మొదలైతే రవంతసేపు ఏ పనీ జరగదు, దాని బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ డిస్క్ వేయించుకుంటే ఆ బాధ చానా వరకు పోతుంది.

మిగతావి పనికిరావని కాదు. బిట్‌డిఫెండర్ ఫ్రీ రుమేనియా వాళ్లది, వైరస్ పట్టడంలో గట్టిది, డిఫెండర్ వద్దనుకునేవాళ్లకి నేను చెప్పేది అదే. మాల్‌వేర్‌బైట్స్ ఫ్రీలో ట్రయల్ అయిపోయినాక కాపలా ఉండదు, మనం స్కాన్ కొడితేనే చూస్తుంది, అనుమానం వచ్చినప్పుడు రెండో అభిప్రాయానికి బాగుంటుంది. అవాస్ట్, ఏవీజీ వేరేవేరే అనుకుంటారు గానీ 2016లోనే ఏవీజీని అవాస్ట్ కొనేసింది, ఇప్పుడు ఆ రెండూ, అవిరా, నార్టన్ అన్నీ జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీవి. అవాస్ట్ వాళ్లు జనాల బ్రౌజింగ్ వివరాలు జంప్‌షాట్ అనే తమ కంపెనీ ద్వారా అమ్మినారని 2020లో బయటపడింది, దాన్ని మూసేశారు, 2024లో వినియోగదారుల తరఫున చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ఫ్రీగా ఇచ్చేవాడికి డబ్బు ఎట్లా వస్తుందో చూసుకోవాల కదా.

అసలు చెప్పాలనుకున్నది ఇది, దయచేసి ఈరోజే చూసుకోండి. అంగట్లో సిస్టమ్ అసెంబుల్ చేయించి విండోస్, ఆఫీస్ కొనకుండా క్రాక్‌వి వేయించుకుంటారు చూడండి, ఆ క్రాక్ చేసే యాక్టివేటర్ ప్రోగ్రామ్‌ని డిఫెండర్ పట్టేస్తుందని అక్కడి పిల్లోళ్లు దాన్ని ఆపేస్తారు, లేదంటే ఎక్స్‌క్లూజన్స్‌లో, అంటే స్కాన్ చేయొద్దని చెప్పే లిస్టులో, సి డ్రైవ్ మొత్తం పెట్టేస్తారు. మా బంధువుల సిస్టమ్‌లో అట్లే ఉండింది, పైకి పచ్చ టిక్ కనిపిస్తా ఉంది, లోపల సి డ్రైవ్‌ని అది చూడనే చూడదు, కాపలావాడిని పెట్టి ఇంటివైపు తిరగొద్దని చెప్పినట్టు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, దాంట్లో మేనేజ్ సెట్టింగ్స్, కింద దాకా పోతే ఎక్స్‌క్లూజన్స్ ఉంటుంది. మీరు పెట్టనిది ఏదుంటే అది తీసేయండి. పక్కనే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ర్యాన్సమ్‌వేర్‌ని, అంటే ఫైల్స్‌కి తాళం వేసి డబ్బులడిగే వైరస్‌ని, ఆపేది ఉంటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, పిల్లల ఫొటోలు ఉండే సిస్టమ్‌లో ఆన్ చేయండి. ఫొటోల కాపీ ఒకటి వేరే డిస్క్‌లో పెట్టి, ఆ డిస్క్ ఊడదీసి బీరువాలో పెట్టుకోండి.

అప్‌డేట్స్ ఆపొద్దు. 2017 మేలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన చిత్తూరు జిల్లా పోలీసుల కంప్యూటర్లకి కూడా తగిలింది, గుర్తుండే ఉంటుంది. దాన్ని ఆపే ప్యాచ్, అంటే ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చేసింది, వేసుకోని సిస్టమ్స్‌కే దెబ్బ. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, డిఫెండర్‌కి వైరస్ లిస్టులు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామన్నారు. కానీ విండోస్‌కే బొక్క పడితే ఆ లిస్టులు పూడ్చలేవు, 11 ఎక్కే సిస్టమ్ అయితే ఎక్కించేయండి.

యూనివర్సిటీ చుట్టుపక్కల జెరాక్స్ అంగళ్లలో హాల్ టికెట్ ప్రింట్ తీయించి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయి ఉంటే వాటి మీద డబుల్ క్లిక్ చేయొద్దు, అది వైరస్ పని, ఫైల్స్ ఎక్కడికీ పోలేదు, వైరస్ వాటిని దాచిపెట్టి ఉంటుంది అంతే. ముందు రైట్ క్లిక్ కొట్టి స్కాన్ చేయండి. ప్రింట్ కోసమైతే పెన్‌డ్రైవ్ బదులు మెయిల్‌లో పంపించడం మేలు.

ఒకదానికి మాత్రం ఏ యాంటీవైరస్‌నీ నమ్ముకోలేం. 300 రూపాయల దర్శనం టికెట్లు, రూములు అని టీటీడీ పేరుతో దొంగ సైట్లు వస్తా ఉంటాయి, అందులో వైరస్ ఏమీ ఉండదు, మనమే కార్డు నంబర్, ఓటీపీ కొట్టేస్తాం. గూగుల్‌లో వెతికి పైన వచ్చిన దాన్ని నొక్కొద్దు, అసలు సైట్ చివర్లో ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. ఇంట్లో పెద్దోళ్లకి దాన్ని బుక్‌మార్క్ చేసి ఇవ్వండి. డబ్బు పోయుంటే మాత్రం ఆలస్యం చేయకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.